నగేష్ పట్టవలసిన చేప

సూర్యాపేట పట్టణ వాస్తవ్యుడు, కీర్తిశేషులు కొండేటి వెంకన్న గారి కుమారుడు సత్తయ్య అనే నేను, డెబ్భై దాటిన వయసులో, మిర్యాలగూడ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు బతుకంతా దస్తావేజులు రాసి ఇప్పుడు ఇంటి పట్టున ఉంటూ, నా తెలివి నా దగ్గరే ఉండగా, ఎవరి బలవంతమూ బతిమాలుడూ లేకుండా, నా సొంత చేతిరాతతో రాసుకుంటున్న మరణశాసనం ఇది.

తెలివి సంగతి ముందే తేల్చాలి. ఇది వినగానే నా బామ్మర్ది నగేష్ అనబోయే మొదటి మాట "మా బావకు మతి తప్పింది" అని. అందుకే డాక్టరు సర్టిఫికెట్ వెనకాల కుట్టాను. మొన్న గుండె డాక్టరు నా మొహం చూడకుండా నా బిడ్డ మొహం చూస్తూ మాట్లాడాడు. ఎందుకో అర్థమైంది. కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. రిజిస్టరు కూడా చేయిస్తున్నాను, ఎందుకంటే రిజిస్టరు కాని వీలునామాలకు పట్టే గతి నా కళ్లతో చూశాను.

ఇన్నేళ్లు ఊరందరి పగలనూ మర్యాదగా రాసిపెట్టాను. "సదరు కుమారుడు నన్ను సరిగా చూడనందున" అనే ఒక్క ముక్క కింద ఎంత ఏడుపు దాచానో నాకే ఎరుక. నా పగను మాత్రం దాచదలచుకోలేదు.

1. ఇంతకు ముందు నేను రాసిన వీలునామాలన్నీ ఇందుమూలంగా రద్దు. ముఖ్యంగా, నా భార్య జమున మాట మీద, కోదాడ స్థలాన్ని ఆమె తమ్ముడు నగేష్‌కు ఇస్తూ అప్పట్లో రాసింది పూర్తిగా రద్దు. దాని జిరాక్స్ నగేష్ బీరువాలో భద్రంగా ఉందని నాకు తెలుసు. పల్లీలు పొట్లం కట్టుకోవచ్చు.

2. ఈ వీలునామా అమలు జరిపించే బాధ్యత మా పక్కింటి కృప టీచరమ్మకు అప్పగిస్తున్నాను. ఆమె చర్చిలో పాట తప్పు పాడిన పాస్టరునే ఆపి మళ్లీ పాడించిన మనిషి. నగేష్ ఆమె ముందు ఏడ్చినా, నవ్వినా, మిఠాయి డబ్బాతో వచ్చినా ఒక్క అక్షరం మారదు. ఆమెకు నా రేడియో, నా కళ్లజోడు పెట్టె, జమున పెంచిన మల్లె కుండీలు. మల్లెలకు రోజూ నీళ్లు పోయాలని చెప్పను, ఆమే నాకు చెప్పేది.

3. షెడ్యూలు 'ఎ' ఆస్తి, అంటే సూర్యాపేటలో నేను కాపురముంటున్న ఇల్లు, అందులోని సామానుతో సహా, నా ఏకైక కూతురు శ్రీలతకు సర్వహక్కులతో చెందాలి. వంటింట్లో మసి పట్టిన మట్టి దాక ఒకటి ఉంది. అది పారేయొద్దు బిడ్డా. మీ అమ్మ చేపల పులుసు అందులోనే పెట్టేది. పొయ్యి మీంచి దించాక మెంతిపొడి చల్లి, మూతపెట్టి, మరునాటి దాకా ఎవరినీ తాకనిచ్చేది కాదు. నువ్వు స్టీలు గిన్నెలో పెట్టి, ఆ పూటే తినమంటావు. నేను తిన్నాను, బాగుందన్నాను కూడా. అది అబద్ధం.

4. ఇప్పుడు షెడ్యూలు 'బి' ఆస్తి. కోదాడకూ మిర్యాలగూడకూ నడుమ, సాగర్ ఎడమ కాల్వ ఊటనీళ్లు చేరే నల్లబండ మడుగు ఒడ్డున నాకున్న పట్టా చెలక. హద్దులు షెడ్యూలులో రాశాను. మడుగు నాది కాదు. నీళ్లు ఎవరివీ కావు. కానీ మూడు వైపులా గుట్ట, నాలుగో వైపు నా చెలక. నీళ్ల దగ్గరికి పోవాలంటే నా గట్టు తొక్కి పోవాల్సిందే. ఆ నేలలో కందులు కూడా సరిగా రావు. చేపల కోసం చెలక కొన్నానని మావాళ్లంతా నవ్వారు. జమున నవ్వలేదు.

దాని విలువ తెలియాలంటే ఆశ్వయుజ మాసం తెలియాలి. మృగశిర నాడు మార్కెట్లో ఒకరినొకరు తోసుకుని కొనేవాళ్లకు చేపంటే కూర. గాలం పట్టినవాడికి చేపంటే వానలు వెళ్లిపోయిన తరువాతి పొద్దు. వానాకాలమంతా నీళ్లు ఎర్రగా, చిక్కగా ఉంటాయి. కొర్రమట్టలు పిల్లలను పెట్టేది అప్పుడే. ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద కదులుతుంటే తల్లీ తండ్రీ కింద కాపలా తిరుగుతాయి. ఆ సమయంలో గాలం వేస్తే కాపలా చేప కోపం కొద్దీ వచ్చి కరుస్తుంది. ఎంతో సులువు. అందుకే వేయకూడదు. మా ఇంటి కట్టడి ఏమిటంటే, సద్దుల బతుకమ్మ నీళ్లలో పడేదాకా గాలం అటక మీంచి దిగకూడదు. మరునాడు పొద్దున దిగుతుంది.

ఆ పొద్దు గురించి నేను ఎంత రాసినా తక్కువే. నీళ్లు తేరుకుని ఉంటాయి. పై ఊళ్లలో వేసిన బతుకమ్మల గునుగు పూలు, తంగేడు పూలు ఊట వాగు వెంట కొట్టుకొచ్చి మడుగు మూలకు చేరతాయి. పాలు పోసుకుంటున్న వరి మీది నుంచి చల్లటి వాసన వస్తుంది. మంచు ఇంకా పూర్తిగా లేవదు. తామరాకుల నడుమ ఒక్కో కొర్రమట్ట పైకి వచ్చి గుటుక్కున గాలి మింగి పోతుంది, ఎక్కడుందో దానంతట అదే చెప్పిపోయినట్టు. వెదురు గడ దారం చివరి గాలానికి చిన్న కప్పను గుచ్చి ఆకుల సందున మెల్లగా ఆడించాలి. రవ్వ చేప కావాలంటే తవుడు ముద్ద, నెమలీక కాడ బెండు. కొర్రమట్టకు మాత్రం ఓపిక. అది ఎరను నోట పట్టుకుని కిందకు పోయి, తిప్పుకుని, అప్పుడు మింగుతుంది. ముందే గుంజితే ఎర వస్తుంది, చేప రాదు.

నేను ఎప్పుడూ ముందే గుంజేవాణ్ణి. జమున గుంజేది కాదు. చీర కొంగు నడుముకు చుట్టి, నల్లబండ మీద కూర్చుని, దారం బిగిసినా చెయ్యి కదపక నవ్వుతూ ఉండేది. ఒకసారి నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "జర ఆగు, దాన్ని మింగనియ్. సంతకం పెట్టంగనే గుంజుకునేటందుకు ఇది దస్తావేజా?" ఆఫీసు ముందు చెట్టు కింద కూర్చున్నంతసేపూ నేను ఊరివాళ్ల గొడవల మనిషిని. ఆ బండ మీద ఆమె పక్కన కూర్చున్నప్పుడు మాత్రం నాకు ఎవరి మీదా ఏ ఫిర్యాదూ లేదు. ఇది చదివేవాళ్లు నమ్మకపోవచ్చు, నిజం.

5. మా ఇంట్లో ఇంకో కట్టడి ఉంది. సీజన్‌లో పడిన మొదటి చేప మేం తినం. అది ఆడమనిషి పుట్టింటికి పోతుంది. జమున అత్తమామలు, అంటే మా అమ్మానాన్నలు, పెట్టిన పద్ధతి. అత్తగారింట్లో నీళ్లున్నాయి, చేపలున్నాయి, నీ బిడ్డ సుఖంగా ఉంది అని కబురు చెప్పడం అన్నమాట. జమున తల్లిదండ్రులు పోయాక పుట్టింట్లో మిగిలింది తమ్ముడు నగేష్ ఒక్కడే. కాబట్టి ఏటా మొదటి చేప కోదాడకు, నగేష్ ఇంటికి పోయేది. తడి ఆరకుండా జమునే తన చేత్తో తామరాకులో చుట్టేది.

మడుగు ఎక్కడో నగేష్‌కు మేం చెప్పలేదు. అడిగాడు, నవ్వి ఊరుకున్నాం. అప్పటికే వాడు చేపల షాపు పెట్టాడు, బేరగాడికి మడుగు చూపించడమంటే పిల్లికి పాల దుత్త చూపించడమే. కానీ ఆ చుట్టుపక్కల కాల్వ ఊటల్లో తామర ఉన్నది ఒక్క నల్లబండ మడుగులోనే. అక్క ప్రేమగా చుట్టి పంపిన ఆకును పట్టుకుని వాడు ఊళ్లు తిరిగి, "తామర యాడ ఉన్నది" అని అడిగి కనుక్కున్నాడు. తప్పు ఆకుది కాదు, జమునది అసలే కాదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టకపోతే పోయాడు, నేను పట్టుకున్నాను.

6. ఆరేళ్ల కిందట జమున జబ్బు ముదిరిందని హైదరాబాద్ దవాఖానలో చెప్పి ఇంటికి పంపారు. ఏది తినాలనిపిస్తే అది పెట్టమన్నారు. ఆమెకు తినడం మీద లేదు. "బతుకమ్మ అయినంక ఒక్కపాలి బండ మీద కూసుంట. ఒక్క మట్టను నా చేత గుంజుత. ఇగ సాలు" అన్నది. దసరా దాకా ఆ మాట పట్టుకునే బతికింది. బాధ ఎక్కువైనప్పుడు పళ్లు బిగించి "బండ, బండ" అనుకునేది. అది చూసినవాణ్ణి నేను.

సద్దుల మరునాడు కారులో పరుపు వేసి తీసుకుపోయాం. చివ్వెంల తండా నుంచి నా గాలం దోస్తు భద్రు ముందే వచ్చి, బండ మీద గోనెసంచులు పరిచి, ఆనుకోవడానికి దిండు కట్టి సిద్ధంగా ఉంటానన్నాడు. మేం పోయేసరికి భద్రు గట్టు మీద ఎదురొచ్చి, "అన్నా, అమ్మను దించకు" అన్నాడు. అప్పటికే ఆమె తలుపు తీసింది.

మడుగు మీద తెల్లగా పొట్టలు. వేలెడంత పిల్లల నుంచి మొదలుపెట్టి అన్నీ వెల్లకిలా తేలుతున్నాయి. కప్పలు, నీళ్ల పాములు, ఒక తాబేలు. పెద్ద కొర్రమట్టలు మాత్రం ఒక్కటీ లేవు. బతుకమ్మ పూలు వాటి మధ్యనే తేలుతున్నాయి. జమున చాలాసేపు చూసింది. "పత్తికి కొట్టిన మందు దిగిందేమో. ఎవలేం జేస్తరు. పోనీ తియ్, మల్లొచ్చే యేడు వద్దాం" అన్నది. నా చెయ్యి నొక్కి మరీ అన్నది, నన్ను ఓదార్చడానికి. దీపావళి దీపాలు చూడకుండానే పోయింది.

మందు కాదు. పక్క పొలం మోటారు స్టార్టరు డబ్బా పగలగొట్టి, వైరు లాగి, కరెంటు నీళ్లలో వదిలారు. కాలిన వైరు ముక్క భద్రుకు తుమ్మ మొద్దు దగ్గర దొరికింది. ఆ పక్క ఊళ్లో పత్తి ఏరే కూలికి వచ్చి ఉన్న భద్రు భార్య నీలా, ఆ తెల్లారగట్ల చేనుకు పోతూ, వెనకాల ఎర్ర చేప బొమ్మ వేసిన ట్రాలీ ఆటో గట్టు దిగిపోవడం చూసింది. కోదాడలో ఆ బొమ్మ ఉన్న ట్రాలీ ఒక్కటే. దాని మీద షాపు పేరు, నగేష్ పేరు, నగేష్ ఫోన్ నంబరు ఉన్నాయి.

అయినా నేను అనుమానానికి కొంత చోటు వదిలాను. దాన్ని వాడే మూసేశాడు. జమున దశదినం నాడు, తాగి, భుజం మీద చెయ్యి వేసి, నా మొహం మీద అన్నాడు: "బావా, గా సిన్న మడుగు కోసం గింత మొకం మాడ్చుకుంటవా? షాపులో సరుకు లేకుండె, ఒక్కపాలి ఏసిన. ఏమాయె? చేపలు మల్ల పుడ్తయ్."

చేపలు మళ్లీ పుడతాయి. నిజమే. నేను ఆ రోజు వాణ్ణి కొట్టలేదు. శ్రీలత ఆ ఇంటి కోడలు కదా, నగేష్ కొడుకు మధుకే మేనరికం ఇచ్చాం కదా, అక్కడే పక్కన విస్తర్లు వేస్తోంది. కొట్టకపోవడానికి కారణం అదొక్కటే. మంచితనం కాదు.

7. జమున పోయే ముందు నాతో మాట తీసుకున్నది, మొదటి చేప తమ్ముడి ఇంటికి ఆపొద్దని. నేను ఆపలేదు. కానీ తరువాత అయిదేళ్లు మడుగులో కొర్రమట్ట జాడే లేదు. ఆ ఏళ్లలో భద్రును పంపి, నగేష్ షాపులోనే, వాడు చెరువుల్లో మేత వేసి పెంచినవి తెచ్చి 'నది చేప' అని అమ్మే సరుకే కొనిపించి, తామరాకులో చుట్టి, తిరిగి వాడి ఇంటికే పంపించాను. తిన్న రోజు సాయంత్రం ఫోను చేసేవాడు. "బావా, ఏమన్న గాని మడుగు చేప రుచే వేరు." ఇది రాస్తుంటే నాకు నవ్వు ఆగడం లేదు. నగేషూ, నీ నాలుక కూడా నీలాంటిదే.

8. నేనూ భద్రూ దూరపు కుంటల నుంచి జతలు జతలుగా తెచ్చి వదిలితే, కాపలా కాస్తే, మడుగు మెల్లగా తేరుకుంది. ఈ ఏడు బతుకమ్మ మరునాడు తామరాకుల నడుమ మళ్లీ ఆ గుటుక్కు వినిపించింది. భద్రు, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. గాలం వేయకుండా పొద్దెక్కేదాకా వింటూ కూర్చున్నాం.

ఆ సంగతి వాడికి ఎట్లా తెలిసిందో, వారం తిరగకముందే శ్రీలత కాగితాలు పట్టుకుని వచ్చింది. "నాయినా, గా చెలక ఉత్తగనే పడున్నది గదా, మామ గాడ రిసార్టు లెక్క జేస్తడంట, ఫిష్ పాండు గూడ తవ్విస్తడంట, సంతకం పెట్టు." బిడ్డా, నీకు ఏమీ తెలియక అడిగావు. నీ మీద నాకు కోపం లేదు అని రాయడం సులువే, కానీ కొంచెం ఉంది. మీ అమ్మ కూర్చున్న బండ అది.

కాబట్టి సదరు షెడ్యూలు 'బి' చెలకను నా మిత్రుడు భద్రుకు, ఆయన తదనంతరం ఆయన వారసులకు ఇస్తున్నాను. వైరు, వల, మందు, ఈ మూడింటిలో ఏది పట్టుకుని వచ్చినవాణ్ణీ గట్టు ఎక్కనివ్వకూడదు. గాలం పట్టుకుని వచ్చినవాడు పగవాడైనా సరే, దారి ఇవ్వాలి. శ్రీలత ఎప్పుడు వచ్చినా, ఎంతసేపు కూర్చున్నా, అడ్డు చెప్పకూడదు. చెలక అమ్మకూడదు, కుదువ పెట్టకూడదు. భద్రు అమ్మడని నాకు తెలుసు. ఈ వాక్యం నగేష్ వినడానికి రాశాను.

9. చిన్న చిన్నవి.

నా టీవీఎస్ బండి, గాలాల డబ్బా, నెమలీక బెండ్లు భద్రుకు. నీలాకు జమున గొంగడి.

అల్లుడు మధుకు నా మడత కుర్చీ. మంచివాడే. బెండు మునుగుతుంటే ఫోను చూసే మనిషి, తండ్రి అబద్ధమాడుతుంటే గోడ చూసే మనిషి. కుర్చీలో కూర్చుని ఈ రెండింటి గురించీ ఆలోచించుకోవచ్చు.

నగేష్ భార్య రుక్మిణికి జమున వెండి పట్టీలు, ఆకుపచ్చ గద్వాల చీర. చివరి రోజుల్లో జమునకు తల స్నానం చేయించింది ఆమె. వాసన వస్తున్నా మొహం తిప్పుకోలేదు. ఆ ఇంట్లో మనిషి పుట్టుక పుట్టింది ఆమె ఒక్కతే, అదీ పక్క ఊరి నుంచి వచ్చినందుకు. పట్టీలు నగేష్ తాకట్టు పెడితే కృప టీచరమ్మకు చెప్పమ్మా.

కొర్రమట్టను ముక్కలు చేసి పకోడీల్లా నూనెలో వేయించి తినే బంధువులందరికీ ఏమీ లేదు.

10. షెడ్యూలు 'సి' ఆస్తి: కోదాడ బైపాసు మీద నా సొంత సంపాదనతో కొన్న స్థలం, దాని మీద నేను వేయించిన షెడ్డు. జమున తమ్ముడని, కిరాయి మాట ఎత్తకుండా, చేపల షాపు నడుపుకోమని నగేష్‌కు ఇచ్చాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఏమిటో ఆ షెడ్డు కింద నిలబడి నేర్చుకోవచ్చు. సదరు స్థలం, షెడ్డు ఇకపై శ్రీలత సొంతం. అంటే మామ కోడలికి కిరాయిదారు. శ్రీలతా, ఇంట్లో నువ్వు వాడికి కోడలివి, చాయ్ ఇవ్వు, కాళ్లు మొక్కు, నీ ఇష్టం. షాపు గడప దగ్గర మాత్రం యజమానురాలివి. మొహమాటపడకు.

ఈ ఆస్తి శ్రీలతకు ఒక షరతు మీద వస్తుంది. షరతు తప్పితే భద్రుకు పోతుంది, అప్పుడు షెడ్డుకు భద్రు తాళం వేస్తాడు. ఆ షరతు ఇది.

ప్రతి ఏడూ సద్దుల బతుకమ్మ మరునాడు నగేష్ షాపు మూసి, నల్లబండ మడుగుకు రావాలి. ఒంటరిగా రావాలి. భద్రు ఇచ్చిన వెదురు గడ తీసుకుని, కప్పను తన చేత్తోనే గాలానికి గుచ్చి, జమున కూర్చున్న బండ మీద కూర్చోవాలి. ఫోను భద్రు దగ్గర పెట్టాలి. తన గాలంతో, తన చేత్తో, ఒక్క కొర్రమట్టను ఒడ్డుకు తెచ్చేదాకా షాపు షట్టరు లేవకూడదు. పరకలు, జెల్లలు లెక్కలోకి రావు. ఆ రోజు పడకపోతే మరునాడు, మరునాడు పడకపోతే ఆ మరునాడు. పండగ గిరాకీ పోతుందంటే పోనీ. ఇంకెవరో పట్టిన చేపను తెచ్చి చూపిస్తే భద్రు చూసి చెబుతాడు, గాలం పడిన మూతి వేరు, తొట్లో తిరిగిన మూతి వేరు.

ఎండకు గొడుగు ఇవ్వవచ్చు. వాడికి బీపీ ఉంది, గోలీలు గుర్తు చేయండి. వాడు నిండా నూరేళ్లు బతకాలి. తొందరగా పోతే నష్టం నాకే.

వాడు పుట్టినప్పటి నుంచి దేనికీ ఆగలేదు. అక్క పెళ్లి విందులో మొదటి పంక్తిలో కూర్చున్నది వాడే. కాబట్టి మొదటి ఏడు ముందే గుంజుతాడు, ఎర వస్తుంది. మళ్లీ గుంజుతాడు, మళ్లీ ఎర వస్తుంది. తిట్టుకుంటాడు. కూర్చోగా కూర్చోగా, వెళ్లే దారి లేక, వాడి ఒళ్లు నెమ్మదిస్తుంది. అప్పుడు ఆకుల కింద గుబుక్కుమంటుంది. దారం మెల్లగా పక్కకు జరుగుతుంది, ఆగుతుంది, మళ్లీ జరుగుతుంది. ఊపిరి బిగబట్టి ఆగితే, ఆ తరువాత ఒక గుంజుడు వస్తుంది. అది మణికట్టు దగ్గర మొదలై గుండెలో ఆగుతుంది. గడ వంగుతుంది, నీళ్లు పగులుతాయి, ప్రాణమున్నదొకటి నీ చేతికి తన బలమంతా చెబుతుంది. ఆ క్షణంలో ఎంత ముసలివాడైనా, ఎంత రోగి అయినా, చావు గుర్తుండదు. నాకు తెలుసు.

ఆ ఒక్క గుంజుడు కోసమే నీ అక్క ఆ రోజు కారు తలుపు తీసింది. దాని రుచి నీ చేతికి తగిలేదాకా, నువ్వు ఏం తీసుకున్నావో నీకు తెలియదు. తెలియకుండా నిన్ను చావనివ్వను. నా పగ ఇదే.

పట్టిన చేపను ఇంటికి తీసుకుపోకూడదు, అమ్మకూడదు. రెండు చేతులతో పట్టుకుని తిరిగి నీళ్లలో వదలాలి. జమున బూడిద ఆ నీళ్లలోనే కలిపాను. ఇన్నేళ్లు అక్క పంపిన చేప నువ్వు తిన్నావు. ఇక నుంచి మొదటి చేప అక్కకు నువ్వు ఇస్తావు.

11. నా శవం దగ్గర నగేష్ మైకు పట్టుకోకూడదు. చచ్చినోడి కళ్లు చారెడు అంటారు, నా కళ్లు ఎంతున్నాయో అంతే ఉండనివ్వండి. నా బూడిద కూడా నల్లబండ మడుగులోనే కలపాలి. కలిపేటప్పుడు నీళ్లు ఎక్కువ కదపొద్దు, చేపలు బెదురుతాయి.

12. నేను పోయిన పదకొండో రోజు, భోజనాలకు ముందు, నగేష్, రుక్మిణి, మధు, శ్రీలత, భద్రు అందరూ కూర్చున్నాక, కృప టీచరమ్మ ఈ వీలునామాను మొదటి అక్షరం నుంచి గట్టిగా చదవాలి. నగేష్ లేచిపోతే చదవడం ఆపి, వాణ్ణి పిలిపించి, ఆపిన చోటి నుంచి కాకుండా మళ్లీ మొదటి నుంచి చదవాలి. క్షమించమనే మాట నా దాకా ఎవరూ మోయొద్దు. క్షమించలేదు. రాతపూర్వకంగా చెబుతున్నాను.

నగేషూ, ఇంకొక్క మాట, ఇది నీకు ఎవరూ చెప్పలేదు. దీపావళికి ముందు ఆ రాత్రులన్నీ జమున నన్ను అడుగుతూనే ఉన్నది, మడుగు గట్ల ఎట్లయింది, ఎవలన్న జేసిన్రా అని. వైరు ముక్క అప్పటికే నా జేబులో ఉంది. ట్రాలీ సంగతి నాకు తెలుసు. మందే దిగిందని ఒట్టేసి చెప్పాను. ఆమె నమ్మి, "గట్లనే అయి ఉంటది" అని, నిన్ను పిలిపించి, నీ తల నిమిరి, నీ కొడుకునూ నా బిడ్డనూ నీ చేతిలో పెట్టి కళ్లు మూసింది. అది నిన్ను కాపాడడానికి చేయలేదు. ఆమె ఒంటరిగా పోకూడదని చేశాను.

ఆమె పోయేటప్పుడు ఆమెకు తమ్ముడు ఉన్నాడు. ఈ కాగితం చదివిన ఈ పూట నుంచి నీకు అక్క లేదు.

పై సంగతులన్నీ నేనే రాసి, నేనే మళ్లీ చదువుకుని, ఒక్క మాట కూడా కొట్టేయబుద్ధి కాక, సాక్షుల కళ్ల ముందు సంతకం చేశాను.

సూర్యాపేట,
2025 అక్టోబరు 14, మంగళవారం

(సంతకం) కొండేటి సత్తయ్య

సాక్షులు:

1. బాలాజీ, మందుల షాపు, సూర్యాపేట (సంతకం)

2. మంగమ్మ, కూరగాయల వ్యాపారం, సూర్యాపేట (ఎడమ చేతి బొటనవేలి ముద్ర, చదివి వినిపించగా, "గట్లనే గావాలె" అని చెప్పి ముద్ర వేసింది)